ఐదు గదులకు ఒకటే తూటా

2023 సెప్టెంబర్ 5, మంగళవారం

ఇవాళ కూడా జేబులు దులిపించుకునే వచ్చాను.

మాది తుపాకులు కాల్చే క్లబ్బు, అక్కడ రూలు అది. సాయంత్రం వ్యాన్ ఎక్కేముందు స్టాఫ్ అందరం ఇమామ్ హుస్సేన్ భాయ్ బల్ల ముందు నిలబడాలి. రెండు జేబులూ బయటికి లాగి, కుక్క చెవుల్లా వేలాడదీసి, దులిపి చూపించాలి. ఒక్క తూటా గేటు దాటినా క్లబ్బు లైసెన్సు పోతుంది, ముదీర్, అదే మా యజమాని, జైలుకు పోతాడు, మేమంతా ఊళ్ళకు పోతాం. తెలుసు. అయినా జేబులు లాగేటప్పుడు ఒళ్ళు మండిపోతుంది. భాయ్ మంచివాడే. నిజామాబాద్ మనిషి, మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చాడు, తల దించుకునే చూస్తాడు. ఆయన్ని అనడానికేం లేదు. దులపడం అంటే చాలు, నాకు చెల్లి చిట్టెమ్మ గుర్తొస్తుంది. చిట్టి గుర్తొస్తే ఆవిడ గుర్తొస్తుంది.

వద్దు. ఆవిడ గురించి ఆలోచించడం మానెయ్యడానికే ఈ డైరీ మొదలుపెట్టాను.

కొత్త సంగతి: ముదీర్ అబూధాబీ వేట సామాన్ల ఎగ్జిబిషన్‌లో రెండు పెద్ద రివాల్వర్లు కొన్నాడు. కాగితాలన్నీ పూర్తయి ఇవాళ వచ్చాయి. మామూలు పిస్టళ్ళతో కస్టమర్లకు సరదా తీరడం లేదట. తూటా చూస్తే నా బొటనవేలంత లావుంది. ఒకటి పొడుగు గొట్టంది, రెండు కిలోల పైన బరువు. రెండోది పొట్టిది, తేలిక, చూడ్డానికి ముద్దుగా ఉంది. కొనేటప్పుడు హుస్సేన్ భాయ్ ఎంతో చెప్పాడట, రెండూ బరువువే తీసుకోండి సాబ్, తేలికదే ఎక్కువ తంతుంది అని. ముదీర్ వింటే కదా! "షకల్ దేఖో భాయ్, షకల్" అని, దాని అందం చూడమని, పొట్టిదాన్ని ముద్దు పెట్టుకున్నాడట.

నేను వాటికి పేర్లు పెట్టాను. పెద్దాయన, పొట్టిది.

సెప్టెంబర్ 9

ఇవాళ నాతో కాల్పించారు. మంగళవారం లేడీస్ డే, ఆ రోజు మగవాళ్ళెవరూ లోపలికి రారు. భాయ్ కూడా గాజు గదిలోంచి చూడ్డమే. ఆడవాళ్ళ పక్కన నిలబడి చూసుకోవలసింది నేనే కాబట్టి నాకు రావాలి. ముదీర్ తల్లికి ఏడేళ్ళు స్నానాలు చేయించిన చేతులివి. ముసలమ్మ పోయాక ఆయన నన్ను ఇంటికి పంపకుండా క్లబ్బులో వేశాడు. ఇప్పుడీ చేతులకు రివాల్వర్లు.

భాయ్ పొట్టిదాన్ని తెరిచి చూపించాడు. "దుర్గా బహెన్, దీన్ల ఐదు గదులున్నయ్. ఎన్ని తూటాలు ఎయ్యాలె?"

"ఐదండి."

"కాదు. ఒక్కటి. కొత్తగ పట్టినోళ్ళకు ఎప్పుడైనా ఒక్కటే. షేక్ వచ్చినా, షేక్ అమ్మ వచ్చినా ఒక్కటే."

ఎందుకో చెప్పలేదు. కాల్చమన్నాడు. రెండు చేతులతో పైకంటా పట్టుకో, మోచేతులు కొంచెం వంచు, ముందుకు వాలు, అది లేస్తానంటే లేవనీ, ఆపకు. అన్నీ విన్నాను. అన్నీ మర్చిపోయి నొక్కాను.

అమ్మా! రోకలి పెట్టి అరచేతిలో పొడిచినట్టయింది. చేతులు రెండూ తల మీదికి లేచిపోయాయి. కళ్ళు మూసుకున్నాను. ఆ చీకట్లో టక్ అని చిన్న చప్పుడు.

"అదేంటి భాయ్, టక్కుమంది?"

"నువ్వే రెండోసారి నొక్కినవ్."

"లేదండీ బాబూ, ఒక్కసారే నొక్కాను. నిజం!"

"అందరు గట్లనే అంటరు. తన్నినంక అది చేతులకెంచి జారుతది. పట్టుకుందామని పిడికిలి బిగిస్తవ్. పిడికిలి బిగిస్తే వేలు సుత బిగుస్తది. నీకు ఎర్కే ఉండది." నా చెయ్యి ఎక్కడుందో అక్కడే ఆపి పట్టుకున్నాడు. "ఇప్పుడు పైకి సూడు. గొట్టం ఎవరి దిక్కున్నది?"

చూశాను. నల్లటి సొరంగం నా కనుబొమల మధ్యకే చూస్తోంది.

"గా రెండో గదిల తూటా ఉంటే నువ్వు లేవు. గందుకే ఒక్కటి."

సెప్టెంబర్ 10

జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. బొటనవేలి సందులో చర్మం లేచిపోయింది.

సెప్టెంబర్ 17

అమ్మ ఫోన్ చేసింది. చిట్టి పక్కింటి మంగాదేవి గారి దగ్గరికి మిక్సీ జార్ ఇవ్వడానికి వెళ్ళిందట. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళమన్నారట. గుమ్మంలోనే నిలబడి తాగి, వచ్చేముందు పైట కొంగు తీసి, దులిపి, చేతులు రెండూ తిప్పి చూపించి వచ్చిందట. మంగాదేవి గారు ఏడ్చారట.

ఊరికొచ్చి ఏడాదిన్నర దాటింది. ఎవరింటికెళ్ళినా అదే పని. చెప్తే మానదు.

అది ఆవిడ, ఉమాదేవి, నేర్పిన అలవాటు. దుబాయ్‌లో సముద్రం కనపడే ఫ్లాటు. చిట్టి అక్కడ మూడేళ్ళు పనిచేసింది. శుక్రవారం రోలాలో నా గదికి వస్తానంటే తలుపు దగ్గర ఆపి, "చున్నీ దులుపు. బ్యాగ్ కూడా" అనేది. మూడేళ్ళలో ఒక గుండుసూది రాల్లేదు. చివరికి మకరం గాజు కనపడలేదని పోలీసుల్ని పిలిచింది. బంగారపు గాజు, రెండు మొసలి తలలు, ఒకదానికి ఎర్రరాయి కన్ను ఊడిపోయింది. దాన్ని తుడిచీ తుడిచీ చిట్టికి ఆ గుడ్డికన్ను కంఠతా వచ్చు. నాకు చెప్పి నవ్వేది కూడా, అక్కా మా మేడమ్ గాజుకి ఒంటికన్నే అని.

నేను వెళ్ళాను ఆ రోజు. కింద లాబీలో వాచ్‌మన్ ఆపేశాడు. ఇంటర్‌కమ్‌లో మాట్లాడాను. "అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను, అది అలాంటిది కాదండి, ఒక్కసారి ఇల్లు వెతకండి" అన్నాను. "ఈ జాతంతా ఇంతే" అని పెట్టేసింది. నా గొంతు విందే తప్ప మొహం కూడా చూడలేదు. చిట్టి జైలు చూసింది, అటునుంచటే విమానం ఎక్కింది. దొంగదన్న పేరొచ్చి దానికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది.

నాకు కావలసింది ఒక్కటే. అది తియ్యలేదని ఆ నోటితో ఆవిడ చెప్పాలి. చిట్టి వినాలి.

అయ్యే పని కాదని నాకు తెలుసు. అందుకే వదిలేశాను.

సెప్టెంబర్ 18

నాకు ఆవిడ మీద కోపం లేదు. నిజంగా లేదు. ఇన్‌స్టాలో వేరే పేరుతో ఆవిడ పేజీ చూస్తానంటే, అది ఊరికే. నిన్న హోటల్లో కేకు కోసింది. ఎవరి పుట్టినరోజో రాయలేదు.

సెప్టెంబర్ 26

చేతులు దారికొచ్చాయి. పెద్దాయనతో వరసగా ఐదు కాల్చాను, ఐదూ కాగితం మీదే పడ్డాయి. కిటుకు తెలిసిపోయింది. దాంతో బలపరీక్ష పెట్టుకోకూడదు. బిగబట్టినవాడికే దెబ్బ. మణికట్టు గట్టిగా, మోచెయ్యి మెత్తగా ఉంచితే, ఆవు తల విసిరినట్టు విసిరి ఊరుకుంటుంది. పొట్టిది అలా కాదు. దానిది దొంగ తన్ను. చిన్నదే కదా అని చులకనగా పట్టుకున్నవాడి మొహం మీదికే వస్తుంది. అందరూ చేసే పొరపాటు అదే, పెద్దాయనను చూసి భయపడి పొట్టిదాన్ని అడుగుతారు.

"కోపం మీద కాలుస్తున్నవ్ నువ్వు" అన్నాడు భాయ్.

"గురి కుదిరింది కదండీ."

"కుదిరింది. గదే నాకు మంచిగనిపిస్తలేదు."

కాగితం మీద మనిషి బొమ్మకి మొహం ఉండదు. నేనే పెట్టుకుంటున్నాను ఒక మొహం. రాయను ఎవరిదో.

అక్టోబర్ 3

క్లబ్బు వాళ్ళు రీల్ తీశారు. నేను పొట్టిదాన్ని కాలుస్తుంటే మంట అడుగు పొడుగున వచ్చింది. కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు, టోపీ, నన్ను కన్నతల్లి కూడా పోల్చలేదు. చాలా బాగా వచ్చింది. రాత్రి చూస్తుంటే వేలు తగిలి ఉమాదేవి పేజీకి వెళ్ళిపోయింది. పొరపాటున. అంతే.

అక్టోబర్ 4

"వావ్! ఎక్కడ ఇది? ఆడవాళ్ళని రానిస్తారా?" అని అడిగింది.

జవాబివ్వకపోతే మర్యాద కాదు కదా. మంగళవారం లేడీస్ డే అని రాశాను.

అక్టోబర్ 9

బుక్ చేసుకుంది. పదిహేడో తారీకు, మంగళవారం. పెద్ద రివాల్వర్ కావాలని రాసిందట. బుకింగ్ చూసే ఫిలిప్పీనో పిల్ల పేరు చదువుతుంటే నా చేతిలో టీ ఒలికింది.

ఆవిడకు ఏమీ చెయ్యను. చెయ్యను అంతే. పొట్టిదాన్ని ఇస్తాను, ఎలా పట్టుకోవాలో చెప్పను. నుదురు చిట్లితే చాలు. ఆ నుదుటి మీద బొట్టు పెట్టుకున్న ప్రతిసారీ అక్కడ మచ్చ తగలాలి. మా చిట్టికి ఊరంతా పెట్టిన మచ్చ ముందు అదెంత!

అక్టోబర్ 12

ఇవాళ జిమ్ము కండలవాడొకడు, మాట వినకుండా, పొట్టిదాన్ని ఒంటిచేత్తో కాల్చాడు. గొట్టం వచ్చి రెండు కనుబొమల మధ్య కొట్టింది. నాలుగు కుట్లు. దూది ఒత్తి పట్టుకుంది నేనే. గాయం దగ్గర్నుంచి చూశాను. ఇంతేనా అనిపించింది.

"చెప్పినా వినకుంటే వాని ఖర్మ. చెప్పకుంటే మన పాపం" అన్నాడు భాయ్, నెత్తురు తుడుస్తూ. నా వైపు చూసే అన్నాడా? ఏమో.

అక్టోబర్ 16

రాయడానికేం లేదు. రేపు మంగళవారం.

అక్టోబర్ 17

రోలాలో గదికి చేరి స్నానం చేశాను, అన్నం తినబుద్ధి కాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదకొండింటికి వచ్చింది. నల్ల జాకెట్, నల్ల కళ్ళద్దాలు. వెనక ఒక మనిషి, నా వయసే ఉంటుంది, ఆవిడ బ్యాగూ, నీళ్ళ సీసా, ఫోన్ స్టాండు మోస్తూ. హిందీలో మొదలుపెట్టాను. బ్యాగు మోసే మనిషి "అమ్మగారండీ, ఇక్కడ పెట్టనా అండీ" అని తెలుగులో అడగడం, నేను అప్రయత్నంగా "అక్కడ పెట్టండి" అనడం, దాంతో ఆవిడ మొహం విప్పారడం.

"నువ్వు తెలుగా! థాంక్ గాడ్. ఏ ఊరు?"

"రాజోలు వైపండి."

"అవునా! మా ఇంట్లో ఉండేదొకత్తి, మీ వైపుదే. దొంగది. నా గాజు కొట్టేసి జైలుకెళ్ళింది." నవ్వింది. "నువ్వేం అనుకోకమ్మా, అందరూ అలా ఉండరులే."

నేనేం అనుకోలేదు. ట్రే అందుకున్నాను. "ఉంగరాలు, గాజులు తీసి ట్రేలో పెట్టండి మేడమ్" అన్నాను. అది మా రూలు. పెద్ద రివాల్వర్ తన్నితే ఉంగరం వేలిని కోస్తుంది, గాజు మణికట్టును కోస్తుంది.

రెండు ఉంగరాలు తీసింది. వాచీ తీసింది. జాకెట్ చెయ్యి పైకి లాగి ఒక గాజు తీసి ట్రేలో వేసింది.

రెండు మొసలి తలలు. ఒకదానికి ఎర్రరాయి కన్ను. రెండోదానికి గుంట.

ట్రే నా చేతిలోనే ఉంది. నేను దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. గుంటలో పసుపు పట్టి ఉంది. పూజ చేసుకున్నట్టుంది పొద్దున్న, ఆ గాజు వేసుకునే. దొంగది అంది. ఆ చేతికి గాజు పెట్టుకుని, ఇప్పుడే, నా మొహం మీద, దొంగది అంది.

"దొరికిందాండీ గాజు?" అని అడగాలి కదా నేను. అడగలేదు. ట్రే బల్ల మీద పెట్టి, పొట్టిదాన్ని తీసుకుని, తెరిచి, తూటాల డబ్బా దగ్గరికి లాక్కున్నాను.

ఐదూ వేశాను.

నా చెయ్యి వణకలేదు. అది రాయాలి. ఎక్కడా వణకలేదు. మొదటి తూటా కాగితానికి. రెండోది ఆవిడే నొక్కుకుంటుంది, ఎవరి బలవంతమూ లేదు, పిడికిలి దానంతటదే బిగుస్తుంది. యాక్సిడెంట్ అంటారు. ఉద్యోగం పోతే పోనీ, జైలైతే జైలు, మా ఇంట్లో ఆ దారి తెలిసినవాళ్ళున్నారు.

గాజు గదిలో హుస్సేన్ భాయ్ ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు.

రివాల్వర్ ఆవిడ చేతికిచ్చాను. గొట్టం కాగితం వైపు. "అబ్బ, బుజ్జిగా ఉంది! ఎలా పట్టుకోవాలి?" అంది.

"మీకెలా వీలైతే అలాగే పట్టుకోండి."

"మణీ! ఎక్కడున్నావ్? స్టాండు వద్దు, నువ్వే తియ్యి. నా వెనకే నిలబడు, జుట్టూ గన్నూ రెండూ రావాలి. ఫోన్ ఇస్తా, ముందు ఆ బ్యాగ్ జిప్ వెయ్యి."

మణి అనే ఆ మనిషి బ్యాగు జిప్ వేసింది. గోడవారగా పెట్టింది. పెట్టి లేచి నిలబడి, ఎవరూ అడగకుండానే, చున్నీ తీసి దులిపింది. రెండు చేతులూ తిప్పి చూపించింది. ఆవిడ చూడను కూడా చూడలేదు. ఈవిడ మాత్రం దులిపింది.

మా చిట్టే అక్కడ నిలబడినట్టుంది నాకు.

ఫోన్ పట్టుకుని వచ్చి సరిగ్గా ఆవిడ కుడి భుజం వెనక నిలబడింది. తల పక్కకు వంచింది, బాగా రావాలని. భాయ్ నా చెయ్యి పట్టుకుని చూపించిన ఆ దారి, గొట్టం లేచి వెనక్కి తిరిగే ఆ దారి, గురి రవ్వంత తప్పితే ఎక్కడికి పోతుందో చూశాను. మణి చెంపకు.

"ఆగండి మేడమ్."

"ఏమైంది?"

"చిన్న రూలు ఒకటి మర్చిపోయానండి."

రివాల్వర్ తీసుకున్నాను. తెరిచాను. నాలుగు తూటాలు తీసి జేబులో వేసుకున్నాను. ఒకటి ఉంచాను. అప్పుడు వణికింది చెయ్యి. అప్పుడు, అంతకు ముందు కాదు. మణిని పసుపు గీత అవతలికి జరిపాను. "అక్కణ్ణుంచి తియ్యండి, బాగానే వస్తుంది" అన్నాను.

ఎలా పట్టుకోవాలో మాత్రం ఆవిడకి చెప్పలేదు. అంత మంచిదాన్ని కాను.

కాల్చింది. కప్పు అదిరింది. పొట్టిది ఎగిరొచ్చి ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టింది, నుదుటి మీద. ఆవిడ కెవ్వుమంది. ఆ అరుపులోనే, టక్.

గొట్టం ఆవిడ కనుబొమల మధ్యకు ఆనుకుని ఉంది.

రివాల్వర్ లాక్కుని, మఫ్‌లు తీయించి, కుర్చీలో కూర్చోబెట్టాను. నుదుటి మీద నెత్తురు సన్నగా కారుతోంది. భాయ్ గాజు వెనక లేచి నిలబడ్డాడు. ఫర్వాలేదని చెయ్యి ఊపాను.

"ఆ టక్కుమన్నది విన్నారా మేడమ్?"

"ఏంటది?"

"రెండోసారి మీరే నొక్కారు. గొట్టం ఎక్కడుంది అప్పుడు? గుర్తుందా?"

చెయ్యి నుదుటి మీద పెట్టుకుంది. వేళ్ళకు నెత్తురు అంటింది. మెల్లగా అర్థమైంది ఆవిడకు. పెదాలు తెల్లబడ్డాయి. "ఓ మై గాడ్. తూటా ఉండి ఉంటే... నువ్వు తీసేశావ్ కదా, నువ్వే కదా తీసేశావ్!" నా రెండు చేతులూ పట్టుకుంది. "నా ప్రాణం కాపాడావమ్మా! నీకేం కావాలో అడుగు. ఏదైనా సరే. నిజంగా!"

"ఏదైనానా అండి?"

"మా పిల్లల మీద ఒట్టు."

టోపీ తీశాను. కళ్ళద్దాలు తీశాను. ట్రేలోంచి గాజు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"నేను చిట్టెమ్మ అక్కనండి. ఆ రోజు ఇంటర్‌కమ్‌లో మాట్లాడింది నేనే."

ఆవిడ కళ్ళు గాజు మీదికి, నా మీదికి, నా ఎడమచేతిలోని రివాల్వర్ మీదికి తిరిగాయి. అది తెరిచే ఉంది, ఖాళీగా. ఆ భయంలో అది ఆవిడకు తట్టలేదు. నేనూ చెప్పలేదు.

"ఎప్పుడు దొరికిందండి?"

"అది... వాషింగ్ మెషీన్ వెనక. తర్వాత."

"ఎంత తర్వాత?"

"వారం." గాజును గుప్పిట్లో దాచుకుంది. "చెప్దామనే అనుకున్నాను. తప్పుడు కేసు పెట్టామని మన మీదికే వస్తుందని మా ఆయన వద్దన్నారు."

వారం! చిట్టి అప్పటికింకా ఇక్కడే, జైల్లోనే ఉంది. ఒక్క మాట చెప్తే అయిపోయేది. ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది, కొట్టాలనిపించింది, నాలుగు తూటాలు జేబులో తొడకు ఒత్తుకుంటున్నాయి. ఫోన్ తీసి ఊరికి వీడియో కాల్ చేశాను. అమ్మ ఎత్తింది. చిట్టిని పిలవమన్నాను.

చిట్టి వచ్చింది, తడి చేతులు పైటకు తుడుచుకుంటూ. "ఏటే అక్కా, ఈ టైములో?"

ఫోన్ ఆవిడ వైపు తిప్పాను.

చిట్టి చప్పున తల దించుకుని చేతులు కట్టుకోవడం పక్కనుంచి కనపడింది. అలవాటు.

"చెప్పండి మేడమ్" అన్నాను.

"చిట్టెమ్మా... గాజు దొరికింది. ఇంట్లోనే ఉంది. నువ్వు తియ్యలేదు. సారీ."

"గట్టిగా చెప్పండి. మా అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు."

"చిట్టెమ్మ గాజు తియ్యలేదు!"

అటునుంచి అమ్మ ఏడుపు వినపడుతోంది. చిట్టి ఏడవలేదు. ఆవిడ మొహంకేసే చూస్తోంది, నుదుటి మీద నెత్తురుకేసి.

"మేడమ్ గారండీ" అంది చివరికి. "మీరెక్కడున్నారో నాకు తెలీదు గానీ, అక్కడ్నించి ఎళ్ళేటప్పుడు దులిపి ఎళ్ళండి. మా అక్క చూస్తాది."

ఆవిడ నా వైపు చూసింది. వద్దంటాననుకుంది కాబోలు. నేను ఫోన్ ఇంకొంచెం దగ్గరికి జరిపాను.

లేచి నిలబడి, జాకెట్ జేబులు రెండూ బయటికి లాగింది. లిప్‌స్టిక్, కారు తాళం, కాగితపు రుమాలు కింద పడ్డాయి. దులిపింది.

"బ్యాగ్ కూడా" అంది చిట్టి.

గోడవారనున్న బ్యాగు తెచ్చి బోర్లించింది మణి. ఎవరూ చెప్పలేదు మణికి. తనే తెచ్చి బోర్లించింది. అప్పుడు చూశాను, ఇంకో చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని ఉంది. రీల్ ఆపలేదు. కాల్చిన దగ్గర్నుంచి అంతా ఎక్కింది ఆవిడ ఫోన్‌లోనే. వెళ్ళేటప్పుడు నా పక్కకొచ్చి, "నంబరు చెప్పండక్కా, బేగి" అంది. మధ్యాహ్నానికల్లా వీడియో నా దగ్గరుంది. ఆవిడ క్లబ్బు మీదా, నా మీదా నోరెత్తదు. ఎత్తితే ఎత్తనీ.

సాయంత్రం వరసలో నిలబడ్డాను. నేనే ఆఖరు. అందరూ వ్యాన్ ఎక్కేశారు.

"జేబులు, బహెన్."

మామూలుగానైతే నాలుగు తూటాలు మధ్యాహ్నమే డబ్బాలో వేసెయ్యాల్సింది. ఎందుకు వెయ్యలేదో నాకు తెలియదు. రెండు జేబులూ బయటికి లాగి దులిపాను. నాలుగూ బల్ల మీద పడి దొర్లాయి. ఒకటి కిందికి పోబోతే భాయ్ పట్టుకున్నాడు. నాలుగింటినీ వరసగా నిలబెట్టాడు.

"ఎవరికని ఏసినవ్ ఇవి?"

చెప్పాను. చిట్టి, ఇంటర్‌కమ్, గాజు, అంతా.

"మరి ఎందుకు తీసినవ్?"

"పనిమనిషి వెనక నిలబడిందండి."

"ఆమె లేకుంటే?"

ఆయన కళ్ళు దించుకోలేదు ఈసారి. అబద్ధం చెప్పొచ్చు. మనసు మారిందనొచ్చు, దేవుడు గుర్తొచ్చాడనొచ్చు.

"నొక్కనిచ్చేదాన్నే భాయ్" అన్నాను.

తల ఊపాడు. తూటాలు డబ్బాలో వేసి మూత పెట్టాడు. "రేపటి సంది పెద్దవాటి జోలికి పోకు. కాల్చినంక కింద పడ్డ ఖాళీ తొడుగులు ఏరుకో. ముదీర్‌కు నేను చెప్పుకుంట, చెయ్యి నొప్పి అని."

"ముదీర్‌తో ఇంకేం చెప్పరా?"

"ఏం చెప్పాలె? ఐదు గదులు, ఒకటే తూటా. రూలు ప్రకారమే అయింది కదా. యల్లా, వ్యాన్ ఎక్కు."

అక్టోబర్ 29

అమ్మ ఫోన్ చేసింది. చిట్టి మంగాదేవి గారింటికి అప్పడాలు ఒత్తడానికి వెళ్ళిందట. సాయంత్రం దాకా అక్కడే, లోపల, వంటింట్లో కూర్చుందట. వచ్చేటప్పుడు గుమ్మంలో ఆగిందట. కొంగు పట్టుకుందట. కాసేపు అలాగే నిలబడి, వదిలేసి నడిచొచ్చేసిందట.

నేను మాత్రం ఇవాళ కూడా జేబులు దులిపే వచ్చాను. హుస్సేన్ భాయ్ నావి ఇప్పుడు రెండుసార్లు చూస్తున్నాడు.